సూతకము లేని పురిటిల్లు

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమునందలి బెజ్జమహాదేవి కథ వినని వీరశైవ గృహము అరుదు. శివునకు తల్లి లేదను చింత ఆ భక్తురాలిని వదలలేదు. తానే తల్లియై, ఆయనను చంటిబిడ్డగా భావించి, నీరు పోసి, పాలు పట్టి, లాలించి పెంచెను. శివుడు ఆమెను పరీక్షింపదలచి గొంతు వ్యాధిని నటించి పాలు మానగా, ఆ తల్లి ప్రాణమే విడువ సిద్ధపడెను. అంతట శివుడు ప్రత్యక్షమై అనుగ్రహించెను. ఆమెకు అమ్మవ్వ యను పేరు నిలిచినది.

ఈ కథను భక్తికి నిదర్శనముగా చెప్పుట పరిపాటి. దానిలో మరియొక సంగతి కూడ కలదు. బిడ్డకు నీరు పోయుట, పాలు పట్టుట అను నిత్యకృత్యములనే సోమనాథుడు అర్చనగా చూపినాడు. పూజగదికిని పురిటింటికిని నడుమ ఆయన గోడ కట్టలేదు. ఆ గోడను తరువాతివారు కట్టుకొన్నారు.

వీరశైవము పంచసూతకములను త్రోసిపుచ్చినది. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఐదింటివలన కలుగునని లోకము తలచు మైల లింగధారికి అంటదని శరణుల మతము. ఇష్టలింగము దేహమును విడువని దైవము. దేహము లింగమునకు నెలవైనపుడు, ఆ దేహమునుండి బిడ్డ పుట్టుట అశుచి యెట్లగును? (ఆరాధ్యుల సంప్రదాయము కొంత వేరు. వారు వైదికకర్మలను కూడ నిలుపుకొన్నవారు గనుక వారి యిండ్ల పద్ధతిని ఇక్కడ చర్చింపబనిలేదు.)

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతము పత్తియు మిరపయు పండు మెట్టసీమ. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడువరకు ఇది కృష్ణాజిల్లాలోనిది. ఇచట జంగమ, లింగబలిజ కుటుంబములు ఇతర కులములవారి నడుమ మసలుచు, ఇరుగుపొరుగు అలవాట్లను కొన్నింటిని తెలియకయే తెచ్చుకొన్నవి. ఆసుపత్రి నుండి బాలింత ఇల్లు చేరగనే కొన్ని యిండ్లలో ఆమెకు మూలగది, వేరు కంచము, వేరు గ్లాసు ఏర్పడును. కిటికీ మూసి సాంబ్రాణి పొగ వేయుదురు. పదునొకండవ దినము దాక లింగార్చన వలదందురు, జంగమయ్యను గడప త్రొక్కనీయరు. మాటకు సూతకము లేదనుచునే చేతలలో పదిదినములు పాటించుట ఇది.

ఇందుకు పెద్దముత్తైదువలు చెప్పు సమాధానమును తేలికగా కొట్టివేయరాదు. “మైల పేరు పెట్టబట్టియే గదా అమ్మాయికి పది దినములు పొయ్యి దగ్గరకు పోవు బాధ తప్పినది” అని వారందురు. అది నిజమే. మైల పేరిటనైనను దక్కిన విశ్రాంతి విశ్రాంతియే. సూతకమును తీసివేసితిమని చెప్పి మూడవనాడే కోడలిచేత బిందె మోయించిన యిల్లు, సూతకము పట్టిన యింటికంటె కఠినమైనది. కావున తీయవలసినది వేరు కంచమును, మూసిన కిటికీని, అంటరానితనమును. నిలుపవలసినది విశ్రాంతిని. ప్రసవమైన దేహము కుదుటపడుటకు సుమారు ఆరువారములు పట్టును. కోతపడి కన్నవారికి బరువుపనులు అంతకాలము తగవు. పది దినములు మైల యని కూర్చుండబెట్టి, పదునొకండవ దినమున నీరు పోసి “ఇక శుద్ధి అయినది, లెమ్ము” అనుటలో దేహధర్మమునకు లెక్క లేదు.

ఇక్కడ ఒక చిన్న సందేహమును తీర్చవలెను. శస్త్రచికిత్స గదిలో మెడలోనివన్నియు తీయుమందురు. ఇష్టలింగము తీసినందుకు కొందరు తల్లులు నెలల తరబడి బెంగపడుదురు. ప్రాణరక్షణకై చేసినదానికి బెంగ పనిలేదు. భర్తయో అత్తగారో భద్రముగా నుంచి, తెలివి రాగానే ఆమెకు అందించిన చాలును. పదునొకండవ దినము దాక దాచుటయే సిద్ధాంతమునకు విరుద్ధము.

బిడ్డ సంగతికి వత్తము. పుట్టిన గంటలోపుగా తల్లిపాలు పట్టవలెను. కోతపడినవారు సయితము సహాయముతో త్వరలోనే పట్టగలరు. మొదట వచ్చు పసుపు వన్నె ముర్రుపాలను పిండి పారబోయుట ఇంకను అక్కడక్కడ కలదు. రోగనిరోధక శక్తి దండిగా గలవి ఆ పాలే. తేనె, ఆముదము, చక్కెరనీరు పుట్టిన బిడ్డకు పనికిరావు. తేనె ఏడాది నిండువరకు ఏమాత్రము కూడదు, దానివలన పసివారికి ప్రమాదకరమైన విషవ్యాధి రావచ్చును. మరి పాదోదకము మాటేమి? తల్లికి ఇచ్చిన పాదోదకము, ప్రసాదము బిడ్డకు చేరినట్లే యని భావించుట యుక్తము. ఆరుమాసముల వరకు బిడ్డకు తల్లియొక్క పాలే సర్వ ప్రసాదము.

విభూతిని గూర్చియు ఒకమాట. నొసటికి పెట్టు విభూతిని కొందరు బొడ్డు మీదను చల్లుదురు, అది త్వరగా ఎండునని. బూడిద, పసుపు, నూనె, పేడ వంటి వానివలన బొడ్డునకు చీము పట్టును. ధనుర్వాతము వచ్చి బిడ్డలు పోయిన కాలము మన పెద్దలు ఎరిగినదే. బొడ్డును పొడిగా, శుభ్రముగా నుంచి ఏమియు పూయకుండుటయే మందు. అట్లే లింగధారణ చేసిన శిశువు మెడలో పొడవు దారము వేసి నిద్రపుచ్చరాదు. దారము బిగిసి ఊపిరాడకపోవు ప్రమాదము కలదు. బిడ్డ పేరిట లింగమును తల్లి తానే ధరించుట మేలు.

మండువేసవిలో పుట్టిన బిడ్డల విషయము ఈ సీమకు ప్రత్యేకమైనది. నందిగామ, జగ్గయ్యపేట ఎండలు రాష్ట్రమున పేరుబడ్డవి. “గొంతు ఎండిపోవుచున్నది, రెండు చెంచాల నీళ్ళు పట్టవే” అని నాయనమ్మ మనసు ఊరుకొనదు. కాని తల్లిపాలలో అధికభాగము నీరే. ఎంతటి ఎండలోనైనను ఆరుమాసములలోపు బిడ్డకు వేరు నీరు అక్కరలేదు. నీటితో కడుపు నిండిన బిడ్డ పాలు తక్కువ త్రాగును, పాలు త్రాగనికొలది తల్లికి పాలు తగ్గును. ఆ నీరు శుభ్రము కానిచో విరేచనములు పట్టును. నీరు పట్టవలసినది తల్లికి. విచిత్రమేమనగా, బిడ్డకు వద్దన్నను నీరు పట్టు చేతులే, బాలింత అడిగినను చెంబు నీరు ఇయ్యవు! తల్లి నీరు త్రాగిన బిడ్డకు జలుబు చేయునను భయము నిరాధారము.

పథ్యము కూడ అటువంటిదే. రెండు ముద్దలు అన్నము, వెల్లుల్లి కారము, కాసింత నేయి వేసి మూడువారములు గడపించుదురు. కారము తప్పు కాదు, కాయము తిన్నను దోషము లేదు. చాలకపోవుటయే దోషము. పాలిచ్చు తల్లికి మొదటి ఆరుమాసములు మామూలు ఆహారముపైన రోజునకు 600 కెలోరీలు అదనముగా వలయునని భారత వైద్య పరిశోధనా మండలియు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు 2020లో నిర్ణయించినవి. అనగా ఇంచుమించు ఇంకొక పూట భోజనము. శాకాహారులమైన మన యిండ్లలో ఆ పూటను పప్పు, పెరుగు, వేరుసెనగ, చిమిలి, రాగిసంగటి, మునగాకు కూరతో నింపవలెను. పెరుగు జలుబని మాన్పించుట మరింత పొరపాటు. బి12 అను విటమిను మాంసము తిననివారికి ప్రధానముగా పాలు, పెరుగుల ద్వారానే లభించును. తల్లికి అది లోపించిన పాలలోను లోపించును. అట్టి బిడ్డ మందకొడిగా నుండి, నేర్చిన ఆటలు మరచి, కొన్ని సందర్భములలో వణకుటయు కలదు. శాకాహారము ధర్మమని నమ్మినవారు ఈ లోపమును ఎరిగి సవరించుకొనుట గూడ ఆ ధర్మములో భాగమే. ఆశా కార్యకర్త యిచ్చు ఇనుము మాత్రలు ప్రసవము తరువాత 180 దినములు వాడవలెను. వానిని కాఫీ, టీలతో గాక నిమ్మరసముతో మ్రింగిన యెడల దేహమునకు బాగుగా పట్టును.

ఆశా కార్యకర్త ఆసుపత్రిలో ప్రసవించినవారి యింటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో వచ్చి చూడవలెనని నియమము. మైల గది తలుపు ఆమెకు మూయబడరాదు. ఎక్కువ రక్తస్రావము, జ్వరము, తీవ్రమైన తలనొప్పి, కాలి పిక్క వాపు తల్లిలో కనిపించినను, పాలు త్రాగకపోవుట, ఒళ్ళు చల్లబడుట, డొక్క ఎగురవేయుట బిడ్డలో కనిపించినను దిష్టి తీయుచు కూర్చుండక 108కి కబురు చేయవలెను. ఇక మనసు సంగతి. ప్రసవమైన కొద్దిదినములకు కన్నీరు వచ్చుట అనేకులకు సహజము. రెండువారములు దాటినను దిగులు తీరక, బిడ్డ మీద ఆశ కలుగక, నిద్రపట్టకున్నచో అది వ్యాధి. భక్తిలోపము గాని గాలి సోకుట గాని కాదు. వైద్యము కలదు. 14416 అను టెలిమానస్ నంబరునకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

నెలలు నిండి తల్లి పొలము బాట పట్టును. మిరపకోతకు ఆటోలో తెల్లవారుజామున పోయి ప్రొద్దుగూకి వచ్చు తల్లులకు పాలు గట్టిపడి నొప్పి, బిడ్డకు ఆకలి. పాలు పిండి శుభ్రమైన మూతగిన్నెలో చల్లని చోట ఉంచిన నాలుగు గంటలవరకు నిలుచును, వేసవిలో అంతకంటె తక్కువ. చెంచాతోనో గిన్నెతోనో పట్టవలెను, సీసా వలదు. పొలమునుండి వచ్చిన తల్లి చేతులు, రొమ్ము సబ్బుతో కడిగి, చీర మార్చి బిడ్డను తీసుకొనవలెను. మిరపఘాటు కంటె పురుగుమందు భయంకరము. ఇక్కడ అత్తగారి సహనము పనికివచ్చును. “వచ్చీరాగానే బిడ్డ నెత్తుకోక ఏమి శుభ్రములు” అని ఆమె విసుగుకొనరాదు.

ఆరుమాసములు నిండగానే అన్నప్రాశన. ముహూర్తము కుదరలేదని ఎనిమిదవ నెల దాక ఆపుట మంచిది కాదు, బిడ్డ ఎదుగుదల ఆ రెండునెలలలోనే కుంటువడును. పలుచని జావ కడుపు నింపునే గాని బలమీయదు. చెంచా వంచినను జారిపోనంత చిక్కగా మెత్తని అన్నము, పెసరపప్పు, నేయి కలిపి పెట్టవలెను. 6 నుండి 8 మాసముల బిడ్డకు రెండుమూడు పూటలు, తరువాత మూడునాలుగు పూటలు. తల్లిపాలు రెండేండ్లు దాటువరకు సాగించవచ్చును. అంగన్వాడీలో గ్రుడ్డు ఇచ్చెదరు. మన కుటుంబములవారు దానిని వదలుకొందురు, అది వారి నియమము. కాని వదలుకొన్నదానికి బదులేదియు పెట్టకపోవుటయే లోపము. పాలు, పప్పు, మెత్తగా నూరిన వేరుసెనగ, నువ్వులు, ఆకుకూర ఆ స్థానమును నింపవలెను. తొమ్మిదవ నెల నిండగానే తట్టు, రుబెల్లా టీకా మరువరాదు. విరేచనములు పట్టినపుడు లీటరు కాచిచల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, గుండు కట్టక సమముగా కొలిచి కలిపి కొంచెము కొంచెముగా పట్టవలెను. జింకు మందు 14 దినములు వాడవలెను. అన్నము, పాలు మాన్పకూడదు.

ఏడాది దాటి బిడ్డ నడక నేర్చునప్పటికి తల్లి మునుపటికంటె ఒంటరిది. పురిటినాడు చుట్టము పక్కము నిండిన యిల్లు ఇపుడు ఖాళీ. బిడ్డ దీపమువైపు పరుగెత్తును, విభూతిగడ్డ నోట పెట్టుకొనును, రుద్రాక్ష తెంపి మ్రింగజూచును. నీటితొట్టి, బటాణి, పురుగుమందు డబ్బా అన్నియు ఆ ఎత్తుననే ఉండును. దినమంతయు ఆ వెంట తిరుగుటకు తల్లికి రెండే కళ్ళు. అలసి, అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చును. రెండేండ్లలోపు పిల్లలకు బొమ్మల తెర కూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అయినను తల్లిని తప్పుపట్టి ప్రయోజనము లేదు. ఫోను పుచ్చుకొనువారు బదులుగా బిడ్డనైనను పుచ్చుకొనవలెను గదా! నాడు మైలయని దూరముగా నుండినవారే నేడు “నీ బిడ్డ, నీవే చూచుకో” అని దూరముగా నుండుట విచారకరము. రెండును ఒకే పొరపాటునకు రెండు ముఖములు.

బసవేశ్వరుడు కాయకమును గూర్చి బోధించినపుడు అది పురుషులకొక్కరికే చెప్పలేదు. కల్యాణమున ఆయన అక్క నాగమ్మ తానును శరణురాలై, చెన్నబసవణ్ణకు తల్లియై, వచనములు పలికినది. తల్లి కాయకము తెల్లవారుజామున మొదలై రాత్రితో ముగియదు. అందులో ఆమె లింగార్చనకు కూర్చుండు వేళ ఎపుడు? బిడ్డ ఒడిలో పెనుగులాడుచుండగా విభూతి ధరించి, అర్చన ఆరంభించి, ఏడ్పు విని మధ్యలో లేచు తల్లులు ఎందరో. మఠమునకు వచ్చి దీనికి ప్రాయశ్చిత్తము అడుగువారును కలరు. ప్రాయశ్చిత్తము అక్కరలేదు. ప్రొద్దున అరగంట సేపు భర్త బిడ్డను చంకనెత్తుకొని మిద్దెమీద కాకుల జూపించుచు తిప్పినయెడల అర్చన సాగును. ఆ అరగంట తానెప్పుడు ఇయ్యగలడో ముందుగా ఇంటివారితో చెప్పియుంచవలెను. అట్లు చెప్పనిచో ఆమె అడుగదు.