కవలలున్నారని తెలిస్తే సరిపోదు

మా పాతబస్తీ బడిలో కవల పిల్లలు చేరితే తోటి పిల్లలకు పండుగే. "టీచర్, వీళ్లు అచ్చం ఒకేలా ఉన్నారేంటి?" అని అడుగుతారు. ఇంట్లో పెద్దలేమో జంట అరటిపండు తింటే కవలలు పుడతారంటారు. అందులో నిజం లేదు. అసలు సంగతి ఇది.

నెలలో రెండు అండాలు విడుదలై రెండూ ఫలిస్తే భిన్న కవలలు. వీరు మామూలు తోబుట్టువుల వంటివారే. ఒకరు ఆడ, ఒకరు మగ కావచ్చు. ఫలించిన ఒకే అండం రెండుగా చీలితే సమరూప కవలలు.

అయితే డాక్టరు ముందుగా చూసేది పోలికలు కాదు, మావి. బిడ్డలకు తిండీ గాలీ అందించేది అదే. దాన్నిబట్టి కవల గర్భాలు ఇలా ఉంటాయి:

1. రెండు మావులు, రెండు ఉమ్మనీటి సంచులు. భిన్న కవలలందరూ, సమరూప కవలల్లో మూడో వంతు మంది ఇలాగే పెరుగుతారు. కవల గర్భాల్లో ముప్పు తక్కువ ఉన్నది ఇదే.

2. ఒకే మావి, రెండు సంచులు. అండం సుమారు 4 నుంచి 8 రోజుల మధ్య చీలితే ఇలా జరుగుతుంది. మావిలో రక్తనాళాలు కలిసి ఉంటాయి. ఇలాంటి గర్భాల్లో నూటికి 10 నుంచి 15 వరకు ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా వెళ్లిపోతుంది. ఒకరు చిక్కిపోతారు, మరొకరి గుండెపై భారం పడుతుంది. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ అవసరం.

3. ఒకే మావి, ఒకే సంచి. ఇది అరుదు. బొడ్డుతాళ్లు మెలిపడే ప్రమాదం ఉంది కాబట్టి సాధారణంగా 32 - 34 వారాల మధ్యే ఆపరేషన్ చేసి కాన్పు చేస్తారు.

4. అవిభక్త కవలలు. చీలిక 13వ రోజు దాటాక మొదలైతే పూర్తి కాదు. ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన కుటుంబంలో 2003లో తలలు అతుక్కుని పుట్టిన వీణ, వాణి మన నీలోఫర్ ఆసుపత్రిలోనే పెరిగారు. 2020లో పదో తరగతి, 2022లో ఇంటర్ పాసయ్యారు.

మావి ఒకటా, రెండా అన్నది 11 - 14 వారాల మధ్య స్కానింగ్‌లో బాగా తెలుస్తుంది. ఆ తరువాత పొరలు పలచబడి గుర్తించడం కష్టం. మా పూర్వ విద్యార్థిని ఒకామె ఏడో నెలలో గానీ స్కానింగ్‌కు వెళ్లలేదు. కవలలని తెలిసింది, మావి సంగతి తేలలేదు. ఒక్క బిడ్డే ఇంటికి వచ్చింది. ముందే వెళ్లి ఉంటే ఇద్దరూ దక్కేవారని మేము అనలేము. కానీ జాగ్రత్తపడే అవకాశమైనా ఉండేది.

కనుక రిపోర్టులో "కవలలు" అని ఉంటే సరిపోదు, మావి ఎన్నో అడిగి రాయించుకోవాలి. ఆడా మగా అని మాత్రం అడగరాదు. 1994 చట్టం ప్రకారం అది నేరం.

దాతలకు ఒక మనవి. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు ఉచితమే. కానీ రెండు వారాలకోసారి ఆటో ఖర్చు, పోయిన రోజు కూలీ ఉచితం కావు. అలాంటి తల్లికి ఆ ఖర్చు మనం పెట్టుకుంటే, మూడో నెలలోనే మొదటి స్కానింగ్‌కు వెంట ఒక మనిషిని పంపితే, అల్లాహ్ దయతో ఆ ఇంట రెండు ఊయలలూ ఊగుతాయి.