ఒడ్డున ఉన్నవాళ్లకు ముందు తెలియాలి
సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: విశాఖలో మిలన్ విన్యాసాలకు యాభై దాకా దేశాల నుంచి నౌకాదళాలు వచ్చాయని అప్పట్లో పేపర్లో చదివాం. సదస్సులు, శిక్షణలు, విందులు సరే. వాటివల్ల నాయుడుపేట లాంటి ఊరికి ఒరిగేదేమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, నాయుడుపేట

జవాబు: మాస్టారూ, 2004 డిసెంబరు 26 ఒకసారి గుర్తు చేసుకోండి. ఆదివారం. ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. అలలు మన తీరాన్ని తాకేసరికి తొమ్మిది కావచ్చింది. ఆ లోపే కార్ నికోబార్‌లో మన వైమానిక స్థావరాన్ని నీళ్లు ముంచేశాయి కూడా. అయినా నెల్లూరు తీరంలో కుప్పాలవాళ్లకు చెప్పిన నాథుడు లేడు. రెండు గంటలంటే ముసలివాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని ఊరు ఊరంతా మెట్టకు చేరుకోగలిగిన సమయం. రాష్ట్రంలో వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలు ఒకదానికొకటి కబురు చెప్పుకునే ఏర్పాటు అప్పటికి లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ ఏర్పాటు తర్వాత వచ్చింది. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేసియాలతో పాటు మన కేంద్రం కూడా ఈ సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నింటికీ సమాచారం పంపుతోంది. యంత్రాలు కొనుక్కుంటే సరిపోయే పని కాదిది. హైదరాబాద్ నుంచి వెళ్లిన సందేశాన్ని అర్ధరాత్రి అవతలి దేశంలో ఎవరో ఒకరు అందుకోవాలి, చదివి అర్థం చేసుకోవాలి, నమ్మాలి. అందుకే 2009 అక్టోబరు నుంచి కొన్నేళ్లకోసారి దేశాలన్నీ కలిసి ఉత్తుత్తి సునామీ నడుపుతున్నాయి. ఎక్కడో పెద్ద భూకంపం వచ్చిందనుకుని బులెటిన్లు పంపుతారు. ఎవరూ కంగారు పడకుండా ప్రతి సందేశం నెత్తిన ఇది అభ్యాసం మాత్రమేనని రాస్తారు. ఏ దేశానికి ఎన్ని నిమిషాలకు అందింది, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఊరికి ఎప్పుడు చేరింది అని గడియారం పెట్టుకుని చూస్తారు. ఎక్కడ ఆగిపోయిందో తెలిసేది అప్పుడే. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రా వైపు 8.6 తీవ్రతతో భూమి కంపిస్తే నిమిషాల్లోనే బులెటిన్లు వెళ్లాయి.

మిలన్‌నూ ఈ కళ్లతోనే చూడండి. 1995లో పోర్ట్ బ్లెయిర్‌లో ఇండోనేసియా, సింగపూర్, శ్రీలంక, థాయ్‌లాండ్ నౌకాదళాలతో మొదలైంది. 2022లో విశాఖకు వచ్చింది. సునామీ వేళ మన నౌకలు శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేసియాకు సాయం మోసుకెళ్లాయి. అలాంటి రోజున ఎవరి రేవులో ఎవరి నౌక ఆగాలి, హెలికాప్టర్ ఎక్కడ దిగాలి అన్నది ఆ పూట కూర్చుని తేల్చుకునే వ్యవహారం కాదు. ముఖపరిచయం ముందే ఉండాలి. 2019లో అమెరికా సైన్యంతో కలిసి విశాఖ, కాకినాడల్లో జరిపిన టైగర్ ట్రయంఫ్ కూడా విపత్తు సాయం మీద చేసిన అభ్యాసమే.

ప్రశ్న: పాకిస్తాన్‌తో మాటలే లేవంటారు. మరి పట్టుబడిన మన మత్స్యకారుల గతేమిటి?
– వాకాడు మండలం నుంచి ఒక పడవ యజమాని

జవాబు: పెద్ద మాటలు ఆగిపోయినా చిన్న మాటలు కొన్ని ఆగలేదు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చి పుచ్చుకుంటాయి. జాబితాలో పేరుందంటే మనిషి బతికున్నట్టు. ఇంట్లోవాళ్లకు అది చిన్న విషయం కాదు. 2018 నవంబరులో గుజరాత్ పడవల మీద పనిచేస్తూ పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దాటి ఇల్లు చేరారు. పదమూడు నెలలకు పైనే! అంత ఆలస్యాన్ని నేను సమర్థించను. పొరపాటున గీత దాటిన పేదవాణ్ని వారాల్లో వదిలిపెట్టేలా ఒప్పందం కుదరాలి. ఈ సముద్రం చుట్టూ జరిగే చర్చల్లో ముందు పెట్టాల్సింది ఇదే.

ఇంకో మాట. 2021 సెప్టెంబరులో ఉత్తరాంధ్రను ముంచిన గులాబ్ తుఫానుకు ఆ పేరు ఇచ్చింది పాకిస్తానే. తుఫానులకు పదమూడు దేశాలు ఒకే జాబితా నుంచి పేర్లు పెట్టుకుంటున్నాయి. గాలివానకు సరిహద్దు లేదు కదా.

మీవాళ్లు వేటకు వెళ్లేటప్పుడు పడవ కాగితాలు, గుర్తింపు కార్డులు తీసుకెళ్లేలా చూడండి. ఆపదలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ప్రశ్న: దేశాల మధ్య జరిగే ఈ సహకారంతో మన శ్రీహరికోటకు ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: ఉంది. 2017 మే 5న అక్కడి నుంచే దక్షిణాసియా ఉపగ్రహం పైకి వెళ్లింది. అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, నేపాల్, శ్రీలంక కలిసివచ్చాయి. పాకిస్తాన్ రానంది. 2022 నవంబరు 26న వెళ్లిన చిన్న ఉపగ్రహం తయారీలో మన దగ్గర శిక్షణ పొందిన భూటాన్ ఇంజినీర్లూ పాలుపంచుకున్నారు. ప్రయోగానికి ముందు మీ తీరంలో వేటకు వెళ్లొద్దని చెబుతారు కదా, అదే హెచ్చరిక దూరాన పోయే విదేశీ నౌకలకూ, విమానాలకూ అందుతుంది.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. దేశాల మధ్య ఇలాంటి సహకారం నడిపే రంగంలోకి ఎలా రావాలి?
– ఒక విద్యార్థిని, నాయుడుపేట

జవాబు: అమ్మా, డిగ్రీ కాగానే సైన్యంలో అధికారి కావడానికి సీడీఎస్ పరీక్ష ఉంది. ఇంటర్‌తో చేరే జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ)లో చదివిన తొలి మహిళా బృందం 2025 మేలో బయటికొచ్చింది, పదిహేడుమంది. ఇంటర్ చదువుతున్న చెల్లెళ్లుంటే వాళ్లకు చెప్పండి. సివిల్స్‌లో విదేశాంగ సర్వీసు దారి ఉండనే ఉంది. సైన్సు విద్యార్థిని అయితే ఇన్‌కాయిస్ ప్రాంగణంలోనే సముద్ర శాస్త్ర శిక్షణ కేంద్రం ఉంది. విదేశీయులతో పాటు మనవాళ్లకూ అక్కడ నేర్పుతారు.

అంతవరకూ ఆగనక్కర్లేదు. ఒడిశాలో వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి అనే రెండు పల్లెలను 2020లో యునెస్కో సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా గుర్తించింది. ముంపు పటం గీసుకున్నారు, తప్పించుకునే దారికి బోర్డులు పెట్టారు, ఊరంతా కలిసి పరుగెత్తి చూసుకున్నారు. ఒక సెలవు రోజు స్నేహితురాళ్లతో తూపిలిపాలెం వెళ్లండి. ఒడ్డు నుంచి మెట్టకు ఏ దారిన పోవాలో అక్కడి ఆడవాళ్లనే అడగండి. ఓ ముసలామెను వెంటబెట్టుకుని ఆ దారిన నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు రాయండి.