వర్గసంఖ్యను గుర్తించు చిన్న సూత్రము

ఒక సంఖ్యను అదే సంఖ్యచే గుణింపగా వచ్చు ఫలమునకు వర్గసంఖ్య యని పేరు. 1, 4, 9, 16, 25 అట్టివి. వర్గము, వర్గమూలము అను మాటలు తమిళ పాఠ్యపుస్తకములందును దాదాపు ఇట్లే వినబడును. కావున నాగలాపురము పిల్లలు ఈ పాఠమును ఇంటిభాషలో నేర్చినచో, తమిళమున చదువు తోటివారితో కలిసి లెక్క చేయుటకు అడ్డేమియు ఉండదు.

ఒక సంఖ్య నిచ్చి, ఇది వర్గసంఖ్య యగునా కాదా అని కంప్యూటరును అడుగవలెను. అందుకై వ్రాయు ఆజ్ఞల వరుసకే ప్రోగ్రాము అని పేరు. అది ఎంత చిన్నదిగా ఉండవచ్చును? చిన్నదైనంత మాత్రమున అది నమ్మదగిన దగునా? ఈ రెండు ప్రశ్నలను మేము ఇచట విచారింతుము.

మొదట కంప్యూటరును ప్రక్కకు పెట్టి, కోవిల్‌పట్టి మిఠాయికి పేరు తెచ్చిన వేరుశనగ గింజలనే తీసికొందము. నేలపై ఒక గింజ నుంచుడు. దాని ప్రక్కను, క్రిందను, మూలను మూడు గింజలు చేర్చినచో రెండు వరుసల చదరమగును. మరి 5 చేర్చినచో మూడు వరుసలది, మరి 7 చేర్చినచో నాలుగు వరుసలది యగును. చదరమును ఒక వరుస పెంచుటకు రెండు అంచులకు సమానముగా గింజలును, మూలకు ఒక గింజయు కావలెను. అందుచేత ప్రతిసారియు చేర్చునది బేసిసంఖ్యయే.

ఇది క్రొత్త మాట కాదు. 9వ శతాబ్దమున, రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఒకటితో మొదలై రెండేసి చొప్పున పెరుగు సంఖ్యలను కూడినచో, ఎన్ని పదములు కూడితిమో ఆ సంఖ్యకు వర్గము వచ్చునని అందు చెప్పబడినది. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున గణితము చెప్పవచ్చునని ఇన్ని వందల ఏండ్ల క్రిందటనే ఋజువైనది.

ఈ సూత్రమును త్రిప్పి చూచినచో మనకు కావలసిన పరీక్ష దొరకును. ఇచ్చిన సంఖ్యనుండి 1, 3, 5, 7 అను వరుసలో తీసివేయుచు పోవలెను. సరిగా సున్న మిగిలినచో అది వర్గసంఖ్య. మిగిలినదానికంటె తీయవలసినది పెద్దదైనచో కాదు. 49 నుండి తీసినచో వరుసగా 48, 45, 40, 33, 24, 13, 0 మిగులును. ఏడుసార్లు తీసితిమి గనుక వర్గమూలము 7. అదే 50 అయినచో ఏడవసారి 1 మిగులును. తరువాత తీయవలసినది 15. కనుక 50 వర్గసంఖ్య కాదు.

ఈ ప్రోగ్రాము రెండు పంక్తులకు మించదు, తప్పును చెప్పదు. అయినను దీనికొక లోపము కలదు. 1 ప్రక్కన పదునారు సున్నలు గల సంఖ్యను పరీక్షింపవలెనన్న పది కోట్లసార్లు తీసివేయవలెను.

ఒకట్ల స్థానమును చూచి తేల్చుట మిక్కిలి సులభము గదా యని కొందరు అడుగుదురు. 2, 3, 7, 8 అను అంకెలతో ముగియు సంఖ్య ఎన్నడును వర్గసంఖ్య కాదు. నిజమే. కాని 2026 అనునది 6తో ముగిసినను వర్గసంఖ్య కాదు. 45 వర్గము 2025, 46 వర్గము 2116. కావున ఈ పరీక్ష కొన్నిటిని త్రోసివేయగలదే గాని, దేనిని ఒప్పుకొనుటకును చాలదు.

వర్గమూలము తీయుము, దశాంశభాగము లేనిచో అవునని చెప్పుము అను ఒక్క పంక్తి ప్రోగ్రాము అన్నిటికంటె పొట్టిది. ఇందే మోసమున్నది. కంప్యూటరు సాధారణముగా దశాంశసంఖ్యను 53 ద్వ్యంశ స్థానములలో దాచుకొనును. సంఖ్య 9,00,71,99,25,47,40,992 దాటినపిమ్మట అన్ని పూర్ణసంఖ్యలు అందులో పట్టవు. పైన చెప్పిన పెద్ద సంఖ్యకు 1 కలిపి యిచ్చినచో, కంప్యూటరు ఆ ఒకటిని జారవిడిచి, మూలము సరిగా పది కోట్లనియు, ఇది వర్గసంఖ్యయే యనియు చెప్పును. అది అబద్ధము.

దీనికి మందు ఒక్కటే. వర్గమూలములోని పూర్ణభాగమును దశాంశముల జోలికి పోక తీయవలెను. దానిని దానితోనే గుణించి మొదటి సంఖ్యతో పోల్చవలెను. సమానమైనచో అవును, కానిచో కాదు. పూర్ణభాగమును తీయుటకు ఆజ్ఞ పైథాన్ భాషలో 2019 నుండి సిద్ధముగా ఉన్నది గనుక ఇదియు ఒక్క పంక్తియే.

చేతితో చేయువారు ఇట్లు చేయవచ్చును. 2025కు మూలము 60 అని పెద్దగా ఊహింపుడు. 2025ను 60చే భాగింప 33 వచ్చును. 60, 33ల సగటులో పూర్ణభాగము 46. మరల 46చే భాగింప 44, సగటు 45. మరల 45చే భాగింప 45. ఇక తగ్గదు, ఆగుడు. 45ను 45చే గుణింప 2025. 2026కును ఇట్లే 45 వచ్చును గాని, గుణించి చూచినచో సరిపోదు.

ఋణసంఖ్యకు వర్గమూలము లేదని మహావీరాచార్యుడే చెప్పెను. కనుక అట్టిదానిని మొదటనే త్రోసివేయవలెను.

ఇట్టి పరీక్ష వలన ప్రయోజనమేమి? 2ను దానితోనే పలుమారులు గుణించి 7 తీసివేసినచో 3, 4, 5, 7, 15 అను ఘాతములకు వర్గసంఖ్య వచ్చుచున్నదని, ఇతర ఘాతములను కనుగొనుడని 1913లో శ్రీనివాస రామానుజన్ భారత గణిత సంఘ పత్రికలో అడిగెను. ఒక్కొక్క ఘాతమును మన ప్రోగ్రాము పరీక్షింపగలదు. కాని వేరు ఘాతమేదియు లేదని 1948లో నార్వే దేశీయుడగు నాగెల్ తర్కముతో నిరూపించెను. యంత్రము ఎంత దూరము లెక్కించినను ఆ పని తీరెడిది కాదు.

విద్యార్థులారా! పొట్టి ప్రోగ్రాము వ్రాయుట నేర్పే. కాని ఏ సంఖ్య నిచ్చినను నిజము చెప్పునది యైనప్పుడే దానిని మెచ్చుకొనుడు. తల్లిదండ్రులు సాయంకాలమున పిల్లలచే గింజలు పేర్పించి చదరమగునో కాదో అడిగినచో, కంప్యూటరు లేని ఇంటను ఈ పాఠము సాగును.

అభ్యాసము: 7,225, 1,52,399 అను వానిలో వర్గసంఖ్య ఏది? 2, 3, 7, 8 అంకెలతో ఏ వర్గమును ముగియదనుటకు కారణమును 0 నుండి 9 వరకు వర్గములు వ్రాసి తెలుపుడు.