రేడియో మాటను దాచుకుందాం

ఇది 1990ల నాటి ముచ్చట. అక్క నంద్యాలలో ఉండేది. చెల్లెలు ఆళ్లగడ్డలో ఉండేది. అప్పట్లో రెండు ఊళ్లూ కర్నూలు జిల్లాలోనివే. నంద్యాల జిల్లా 2022లో ఏర్పడింది.

చెల్లెలి ఇంట్లో టూ ఇన్ వన్ ఉండేది. రేడియో, టేప్ రికార్డరు రెండూ అందులోనే. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. చెల్లెలు రోజూ ఆ కేంద్రమే పెట్టేది. కానీ రేడియో మాట గాలి లాంటిది. మనం పొయ్యి కాడ ఉంటే, ఆ మాట పోయినట్టే.

ఒకరోజు రేడియోలో వేరుశెనగ తెగుళ్ల గురించి చెబుతున్నారు. చెల్లెలు గబగబా చేతికందిన క్యాసెట్ పెట్టింది. మీటలు నొక్కింది. కార్యక్రమం బాగా ఎక్కింది.

తర్వాత వారం అక్క వచ్చింది. క్యాసెట్ చూసి ఉలిక్కిపడింది.

"చెల్లీ, ఇది అమ్మ పాడిన క్యాసెట్ కదే! ఈ పసుపు మరక చూడు."

"నాకు తెలీదక్కా. అన్నీ ఒకే తీరుగా ఉండాయి. పైన ఏమీ రాసి లేదు."

"ఎట్లా రాస్తాం? అప్పుడు మనకు అక్షరాలు రావు కదా!"

అప్పటికే వాళ్ల అమ్మ చనిపోయింది. అక్క క్యాసెట్‌ను రెండో పక్కకు తిప్పి పెట్టింది. అమ్మ గొంతు వినిపించింది! ఒక పక్క పాటలు పోయాయి. ఒక పక్క మిగిలాయి.

అక్క కొడుకు నంద్యాలలో క్యాసెట్ల అంగట్లో పని చేసేవాడు. వాడి దగ్గర నేర్చుకున్నదంతా అక్క చెల్లెలికి చెప్పింది. మనమూ తెలుసుకుందాం.

మాట ఎలా ఎక్కుతుంది?

టేపు అంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద తుప్పు రంగు పొడి పూసి ఉంటుంది. అది ఇనుముతో చేసిన పొడి. రికార్డరు లోపల హెడ్డు ఉంటుంది. అది అయస్కాంతం లాగా పని చేస్తుంది. మాటను ఆ పొడి మీద అచ్చు వేస్తుంది. కొత్త మాట ఎక్కే ముందు పాత మాట చెరిగిపోతుంది. పలక తుడిచి మళ్లీ రాసినట్టే. చెరిగిన మాట తిరిగి రాదు.

క్యాసెట్ మీద 60 అని ఉంటే, ఒక్కో పక్క 30 నిమిషాలు వస్తుంది. 90 అని ఉంటే, 45 నిమిషాలు వస్తుంది.

రికార్డు చేసే పద్ధతి

1. ఏ క్యాసెట్టో ముందు విని చూసుకోవాలి.

2. టేపు మొదట్లో కొంచెం మేర పొడి ఉండదు. అక్కడ మాట ఎక్కదు. కాబట్టి టేపును కొంచెం ముందుకు తిప్పాలి.

3. రేడియో సెట్టును మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడాలి. మాట స్పష్టంగా వచ్చిన చోట ఆపాలి.

4. మిక్సీ, ట్యూబులైటు ఆపాలి. వాటి వల్ల గరగర వస్తుంది.

5. రికార్డు మీట, ప్లే మీట రెండూ కలిపి నొక్కాలి.

6. టూ ఇన్ వన్‌లో రేడియో మాట లోపలే ఎక్కుతుంది. రేడియో వేరుగా ఉంటే మైకు దగ్గర పెట్టాలి. అప్పుడు బయటి చప్పుళ్లూ ఎక్కుతాయి. ఆళ్లగడ్డలో అయితే శిల్పుల ఉలి చప్పుడు కూడా ఎక్కుతుంది!

7. అయిపోగానే పేరు, తేదీ రాయాలి.

చెరగకుండా కాపాడే పద్ధతి

కాపాడాల్సిన పక్కను మన వైపు పెట్టుకోవాలి. టేపు కనిపించే అంచు కిందికి ఉండాలి. పై అంచున ఎడమ వైపు చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. దాన్ని విరిచేయాలి. ఇక ఆ పక్క రికార్డు మీట దిగదు.

మన మాట కూడా విలువైనదే

రేడియో మాటే కాదు, మన మాట కూడా దాచుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు ఆ పని చేశారు. అక్కడ 1998లో రేడియో గది తయారైంది. కానీ ప్రసారానికి అనుమతి రాలేదు. వాళ్లు ఆగలేదు. తమ పాటలు, సేద్యం ముచ్చట్లు టేపుల్లో ఎక్కించారు. సంఘం సభల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు.

ఇప్పుడు ఏం చేయాలి?

టేపులు కలకాలం ఉండవు. ఎండకు, చెమ్మకు పాడవుతాయి. టేప్ రికార్డర్లు కూడా తగ్గిపోయాయి. మీ ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. చప్పుడు లేని గదిలో దాన్ని వినిపించండి. పక్కన ఫోను పెట్టి రికార్డు చేయండి.

ఆ రోజు చెల్లెలు పలుకు విరిచింది. ఆమె అప్పుడు రాత్రి బడికి పోతోంది. పెన్ను తీసుకుని, క్యాసెట్ మీద నిదానంగా రెండు మాటలు రాసింది.

"అమ్మ పాట."

ఆలోచించండి, రాయండి

1. చెల్లెలి పొరపాటుకు కారణం ఏమిటి?

2. మీ ఇంట్లో ఎవరి గొంతు దాచుకోవాలని ఉంది? వారి పేరు రాయండి.