బొమ్మకు ముఖం దిద్దడం ఎలా?



నేను ఏడవ తరగతిలో ఉండగా మన హాస్టల్ వార్షికోత్సవానికి ‘మన ఊరు’ నమూనా తయారుచేశాము. నాట్లు వేస్తున్న మా అమ్మ బొమ్మ నా వంతుకు వచ్చింది. రంగుల పెట్టెలో ‘స్కిన్ కలర్’ అని రాసివున్న గులాబీ రంగు సీసా తీసి ముఖమంతా పూశాను. ఆ రోజు అమ్మ వచ్చి చూసి, “ఎవరు నాయనా ఈ దొరసాని?” అని నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ ముఖాన్ని నా చేతులతో నేనే చెరిపేశాననిపించింది.

చర్మానికి ఒకే రంగు ఉండదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ కూడా ‘ఫ్లెష్’ అనే రంగు పేరును 1962లో ‘పీచ్’ అని మార్చింది. కాబట్టి సీసా మీది పేరును నమ్మకుండా మన కళ్లను నమ్మాలి. ఆ తర్వాత నేర్చుకున్న విషయాలు మీకోసం రాస్తున్నాను.

1. తల తయారీ: చింతగింజల పిండిని ఉడికించి, రంపపు పొట్టు కలిపితే గట్టి ముద్ద అవుతుంది. చేర్యాల మాస్కులు ఇలాంటి ముద్దతోనే చేస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర బొమ్మల భాగాలను అతికించడానికీ ఇలాంటి మక్కునే వాడతారు. తలను నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, పలుచగా తెల్లరంగు వేయండి.

2. కొలతలు: పెద్దవారి ముఖంలో కళ్లు నడినెత్తికి, గడ్డానికి సరిగ్గా మధ్యలో ఉంటాయి. మనలో చాలామంది వాటిని పైకి పెట్టేస్తాం. రెండు కళ్ల మధ్య ఇంచుమించు ఒక కన్ను పట్టేంత చోటు ఉండాలి. చెవులు కనుబొమల నుండి ముక్కు కింది వరకు వస్తాయి. పిల్లల బొమ్మకైతే కళ్లు కొంచెం కిందికి దించాలి.

3. ఒంటి రంగు: ఎరుపు, పసుపు కలిపితే నారింజ వస్తుంది. అందులో చుక్క చుక్కగా నీలం కలిపితే గోధుమ రంగు తయారవుతుంది. కొంచెం కాగితం మీద రాసి, ఆరాక మీ చేతి వెనుకభాగం పక్కన పెట్టి పోల్చుకోండి. తేలిక చేయాలంటే తెలుపు ఒక్కటే కలపకండి, ముఖం బూడిద పూసినట్లవుతుంది. పసుపు కూడా కలపాలి.

4. వెలుగు నీడలు: చిన్న తల మీద సహజమైన నీడలు సరిగా కనపడవు. అందుకే వాటిని మనమే వేయాలి. కంటి గుంటల్లో, ముక్కు కింద, కింది పెదవి కింద, దవడ కింద ముదురు రంగు వేయండి. నీడకు నలుపు వాడవద్దు. ఒంటి రంగులోనే కాస్త నీలం, ఎరుపు కలిపితే చాలు. నుదురు, చెంపల ఎముకలు, ముక్కు దూలం మీద లేతరంగు వేయండి. పోస్టర్ రంగు తడికి కరుగుతుంది గనుక, ఒక పూత పూర్తిగా ఆరిన తర్వాతే, తడి తక్కువగా ఉన్న కుంచెతో రెండోది వేయాలి.

5. కళ్లు: ఇవి చివరగా వేయాలి. కంటి తెలుపు పాలలా తెల్లగా ఉండదు. అందులో ఒంటి రంగు కొద్దిగా కలపండి. నల్లగుడ్డు పైభాగాన్ని పై రెప్ప కొంచెం కప్పాలి. గుడ్డు మొత్తం కనిపిస్తే బొమ్మ భయపడినట్లు ఉంటుంది. రెండు కళ్లలోనూ ఒకే వైపున సూదిమొనంత తెల్లచుక్క పెట్టండి. అప్పుడు బొమ్మ మనవైపు చూస్తుంది.

అన్నిటికంటే ముందు, ఎవరి బొమ్మ చేస్తున్నారో వారి ముఖాన్ని పది నిమిషాలు తీరికగా చూడండి. ఎక్కడ ముడత ఉంది, ఎక్కడ ఎండకు కమిలింది గమనించండి. ఆ గుర్తులు దాచవలసినవి కావు. అవి కష్టపడి బతికిన మనిషి ఆనవాళ్లు.

మరుసటి ఏడాది నేను అదే బొమ్మను మళ్లీ చేశాను. అమ్మ ఈసారి నవ్వలేదు. చాలాసేపు చూసి, పొలిమేర దాటేదాకా ఎవరికీ ఇవ్వకుండా, కొంగులో చుట్టుకుని ఊరికి తీసుకుపోయింది. నాకు వచ్చిన బహుమతులన్నిటిలో అదే పెద్దది. ఈ వార్షికోత్సవానికి మీరు కూడా మీ ఇంటివారి ముఖం ఒకటి దిద్దుతారని ఆశిస్తున్నాను.

– ఒక పూర్వ విద్యార్థి