యువకులు సైనికవిద్య నేల కోరుదురు?

పుణే నగరమునకు నైరుతిదిక్కున ఖడక్వాస్లా యను జలాశయము కలదు. 1670వ సంవత్సరమున తానాజీ మాలుసరే ప్రాణములొడ్డి గెలిచిన సింహగఢము అచ్చటినుండి కనబడుచుండును. స్థలసేన, నౌకాసేన, వాయుసేన అను మూడింటికిని కాబోవు అధికారులకు ఒక్కచోట విద్య గఱపు జాతీయ రక్షణ విద్యాలయము ఆ జలాశయపు టొడ్డున నెలకొనియున్నది. 1949లో డెహ్రాడూనున ఆరంభమైన యీ శిక్షణము 1954 చివర ఇచ్చటికి మార్చబడెను. 1955 జనవరిలో ప్రారంభోత్సవము జరిగెను. దీని ప్రధానభవనమునకు సూడాను దేశము పేరిడిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున సూడాను రక్షణకై పోరాడిన భారతసైనికుల స్మృత్యర్థము ఆ దేశ మిచ్చిన ధనములో మన భాగమగు 70,000 పౌనులు ఆ కట్టడమునకు వినియోగపడెను. పరదేశమున మడిసిన సామాన్య సిపాయీల పేరిట వెలసిన గుమ్మటము క్రిందనే నేటి బాలురు చదువుకొనుచున్నారు.

ఇందు చేరగోరువారి వయస్సు పదునాఱున్నర మొదలు పందొమ్మిదిన్నర వఱకు. నూనూగు మీసముల ప్రాయము. తోడివారు వైద్యమో యంత్రశాస్త్రమో చదువ నుద్యమించువేళ వీరీ దారి నేల త్రొక్కుదురు?

కొందఱకు అది వంశాచారము. అరుణ్ ఖేతర్పాల్ తండ్రియు, తాతయు, ముత్తాతయు సైనికులే. అతడు 1967లో ఖడక్వాస్లాలో చేరి, 1971 జూనులో అధికారి యయ్యెను. ఏడు మాసములైనను నిండకమునుపే, డిసెంబరు 16వ తేదీన, బసంతర్ యుద్ధమున, దెబ్బతిన్న టాంకును విడిచి రమ్మని పైవారు చెప్పినను, ఫిరంగి పనిచేయుచున్నంతవఱకు రానని నిలిచి, ప్రాణములు విడిచెను. అప్పటికతని కిరువదియొక్క యేండ్లు. మరణానంతరము పరమవీరచక్రము లభించెను.

సూర్యాపేటవాడగు కర్నల్ సంతోష్ బాబు కథ వేఱు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. సైన్యమున చేరవలెనని ఆయన యౌవనమున కన్న కల నెఱవేఱలేదు. అందుచే ఏకైక పుత్రుని ఆఱవ తరగతిలోనే కోరుకొండకు పంపెను. విజయనగర సంస్థానాధీశుల భవనమున 1962లో నెలకొన్న సైనిక పాఠశాల యది. తండ్రి కోరిక కుమారుని కోరిక యగునా? పదునొకండేండ్ల బాలునికి తన మనస్సు తనకు తెలియుట కష్టము. అయినను అచ్చట చదివినవారందఱును సైన్యమున చేరితీరవలెనను నిర్బంధము లేదు. చదువు ముగిసిన పిమ్మట వేఱు దారి పట్టువారు పెక్కుమంది. సంతోష్ బాబు మరలలేదు. ఖడక్వాస్లాకు, పిదప డెహ్రాడూనునకు పోయెను. 2020 జూన్ 15వ తేదీన గల్వాన్ లోయలో తన దళమునకు నాయకుడై నిలిచి మరణించెను. ప్రభుత్వము మహావీరచక్ర మొసగెను.

భృతికై చేరువారు లేరా? కలరు. అందు దోషమేమియు లేదు. శిక్షణవ్యయమును ప్రభుత్వమే భరించును. పేదయింటి బిడ్డకు గౌరవప్రదమైన జీవనము దొరకును. చలనచిత్రములలోని దుస్తుల సొగసు చూచి వచ్చువారును కలరు. వీరికి మాత్రము మొదటి మాసములు కడు భారముగ గడచును.

వ్రాతపరీక్ష నెగ్గినవారిని అయిదు దినములు పరీక్షింతురు. నలుగురైదుగురికి పలకలు, త్రాళ్లు, పీపాలు ఇచ్చి అడ్డంకులు దాటుడందురు. బిగ్గఱగా నాజ్ఞలిచ్చువాడే నాయకుడని పిల్లలు భ్రమింతురు. పరీక్షకులు చూచునది జారిపోవు తోడివానికి చేయి యందించువానిని. ఏల చేరగోరెదవని యడుగుటయు కలదు. వల్లెవేసిన యుత్తరము అచ్చట నిలువదు. మనోజ్ కుమార్ పాండే యను బాలుడు పరమవీరచక్రము పొందుటకే యని బదులిచ్చెనని ప్రతీతి. 1999 జూలై 3వ తేదీన, కార్గిల్ యుద్ధమున, ఖలూబార్ శిఖరమున శత్రుస్థావరములను పట్టుచు మరణించి, అతడా చక్రమునే పొందెను.

ఇక శిక్షణము మూడేండ్లు. తెల్లవాఱకమునుపే లేచుట, కవాతు, ఈత, గుఱ్ఱపుస్వారి, నడుమ పట్టపరీక్షల చదువు. ఒకని తప్పునకు గుంపంతయు పరుగిడవలసిన దినములు నుండును. ఇదెక్కడి న్యాయమని క్రొత్తవాడు గొణుగుకొనును. యుద్ధభూమిలో ఒక్కని యేమఱుపాటు పదిమంది ప్రాణములు దీయునని వానికి క్రమముగ తెలియవచ్చును. తెలుగువాడు, పంజాబువాడు, మణిపురమువాడు ఒకే బుడ్డి నీరు పంచుకొని కొండలెక్కుదురు. వచ్చునపుడు తెచ్చుకొన్న కారణము పలువురియందు ఇచ్చటనే మాఱిపోవును. బిరుదుకై వచ్చినవాడు స్నేహితునికై నిలుచును.

ఈ దారి సుఖమైనదని చెప్పరాదు. శిక్షణమున గాయపడి, అంగవైకల్యముతో, అధికారి కాకమునుపే యిలు సేరిన బాలురు కలరు. వారికి మాజీసైనికుల హోదా లేకపోవుటను 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము తనంతట తానే విచారణకు గైకొనెను. పిల్లలను పంపు తల్లిదండ్రు లీ సంగతియు నెఱిగియుండవలెను.

చిరకాలము బాలురకే పరిమితమైన యీ ద్వారము 2021లో అదే న్యాయస్థానపు టుత్తరువుచే బాలికలకును తెఱువబడెను. 2022లో వారి మొదటిజట్టు చేరెను. అదే పరుగు, అదే కవాతు, అదే గుఱ్ఱపుస్వారి. 2025 మే 30వ తేదీన పదునేడుగురు యువతులు బాలురతో సమముగ అడుగులు వైచి బయటికి వచ్చిరి. ఖడక్వాస్లాలో ముగించినంతనే చదువు తీఱదు. స్థలసేనవారు డెహ్రాడూనునకు, నౌకాసేనవారు కేరళలోని ఎళిమలకు, విమానములు నడపగోరువారు హైదరాబాదు సమీపమునగల దుండిగల్లునకు మరల విద్యార్థులై పోవుదురు.