ఉష్ణోగ్రతను కొలిచి వ్రాసికొను యంత్రము

మన పాఠశాలలో చిన్నపిల్లల తరగతి రేకుల కప్పు క్రింద నడుచుచున్నది. మధ్యాహ్నమున ఆ గది మిక్కిలి కాగుచున్నదని తల్లిదండ్రులు పలుమాఱు చెప్పిరి. ఎంత కాగునో లెక్కతో చూపినగాని సంఘమువారు గది మార్చుటకు వీలు లేదు. కావున ఉపాధ్యాయులమును పదవ తరగతి విద్యార్థులమును కలిసి, రేయింబవళ్లు తనంతట తానే ఉష్ణోగ్రతను వ్రాసికొను డేటా లాగరు నొకదానిని సమకూర్చితిమి. ఆ విధానమును, మేము చేసిన తప్పులను కూడ ఇచ్చట వ్రాయుచున్నాము.

సెన్సరుగా డి.ఎస్.18బి20 అనుదానిని గైకొంటిమి. ఇది శనగగింజంత నల్లని వస్తువు. మూడు కాళ్లు గలది. చదునైన ముఖము మనవైపునకును, కాళ్లు క్రిందికిని ఉండునట్లు పట్టుకొనినచో, ఎడమకాలు గ్రౌండు తీగకును, నడిమికాలు సమాచారపు తీగకును, కుడికాలు 5 వోల్టుల విద్యుత్తునకును చేరవలెను. తాఱుమాఱైనచో క్షణములో వేడెక్కును. మాలో నొకని వ్రేలే దీనికి సాక్షి. నడిమికాలికిని కుడికాలికిని నడుమ 4,700 ఓముల నిరోధకము తప్పక యుండవలెను. ఏలయన, సెన్సరు ఆ తీగ వోల్టేజిని క్రిందికి లాగగలదే కాని తిరిగి పైకి లేపజాలదు; లేపునది నిరోధకమే. దీనిని చేర్చ మఱచి ఒక సాయంకాలమంతయు సెన్సరును నిందించితిమి.

సెన్సరును ప్రశ్నించునది ఆర్డుయినో పలక. దానికి వేళ తెలియదు. తాను మేలుకొన్నది మొదలు ఎన్ని మిల్లీసెకండ్లు గడచెనో మాత్రమే యెఱుగును. అందుచే గుండీ బ్యాటరీతో నడచు గడియారపు చిప్పును, వ్రాతకు మెమరీకార్డును తోడు చేసితిమి. ప్రోగ్రాము క్రమ మిది: పది నిమిషముల కొకమాఱు వేళ చదువుట, సెన్సరును కొలువుమని యాజ్ఞాపించుట, 750 మిల్లీసెకండ్లు ఆగుట, ఫలితమును చదువుట, ఫైలులో నొక వరుస వ్రాసి ఫైలును మూయుట. ఈ మూయుటను అనవసరమని మొదట విడిచితిమి. కరెంటు పోగా ఆ రాత్రి లెక్క యంతయు పోయెను.

పట్టికను కన్ను తెఱచి చూడవలెను. మా మొదటి పట్టికలో రాత్రి 2 గంటలకు 85 డిగ్రీలని యుండెను! అది వేడి కాదు. విద్యుత్తు తెగి మరల అందిన సెన్సరు, క్రొత్తగా కొలువకమునుపు చెప్పు అంకె యది; కుడికాలి తీగ వదులై యుండెను. సెన్సరు బదులే పలుకనిచో మేము వాడిన లైబ్రరీ -127 అని యిచ్చును. దినమునకు 144 కొలతలు. తక్కినవాని సగటు 28 అయినచో, 85 ఒక్కటి చొరబడిన సగటు 0.4 డిగ్రీ పెరుగును. -127 ఒక్కటి చొరబడిన ఒక డిగ్రీకి పైగా తగ్గును. విద్యార్థి యొకడు ఆ చోట ముందువెనుకల అంకెల సగటును పూరించెను. సదుద్దేశమే, కాని కొలువని అంకెను కొలిచినట్లు సంఘమువారికి చూపరాదని దానిని కొట్టివేసి, లోపము అని వ్రాయించితిమి.

తడి తగులకుండ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దంచిన మంచును కొంచెము నీటితో కలిపి అందు సెన్సరు నుంచగా, 0 చూపవలసినది 0.25 చూపెను. తయారు చేయువారు 0.5 డిగ్రీ వఱకు తేడా యుండవచ్చునని చెప్పుదురు గనుక సరిపెట్టుకొంటిమి. ప్రతి సెన్సరునకు 64 బిట్ల సొంత సంఖ్య యుండుటచే ఒకే తీగపై పెక్కింటిని చేర్చవచ్చును. రెండవదానిని పెంకుల కప్పు గల తరగతిలో, ఎండ సోకని చోట, కూర్చున్న పిల్లల తల యెత్తున కట్టితిమి. రెండు గదుల పట్టికలును వేసవి సెలవులకు ముందే సంఘమువారికి అందజేయుదుము.